మౌనా కేయా విషయంలో మన మౌనం

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, అణుశక్తి విభాగం, ఇండియా-టీఎంటీ కార్యక్రమం బాధ్యులకు,

నమస్కారం.

నేను నల్లమల అంచున, అచ్చంపేట వైపు పల్లెల్లో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన మాస్టార్ని. శాస్త్రవేత్తను కాను, కానీ ఆకాశం పిచ్చి చిన్నప్పుడే పట్టుకుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా జిల్లాల మీదుగానే వెళ్లింది. ఊరంతా తలుపులు బిడాయించుకుని కూర్చుంటే, మా లెక్కల సారు నలుగురు పిల్లల్ని బడి డాబా ఎక్కించారు. పట్టపగలు చుక్కలు కనపడడమంటే ఏమిటో ఆ రోజు నిజంగానే చూశాను. కోళ్లు గూట్లోకి పోవడం, గాలి ఉన్నట్టుండి చల్లబడడం ఇప్పటికీ గుర్తే. అదే సమయానికి హైదరాబాద్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు అదే గ్రహణాన్ని చూస్తున్నారని తర్వాత తెలిసి, వాళ్లకూ నాకూ ఏదో చుట్టరికం ఉన్నట్టు మురిసిపోయాను.

ఈ ఉత్తరం హవాయి దీవుల్లోని మౌనా కేయా అనే కొండ మీద మన దేశమూ భాగస్వామిగా కట్టదలచిన థర్టీ మీటర్ టెలిస్కోప్ (టీఎంటీ) గురించి. గ్రహణం సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇది టెలిస్కోపులంటే గిట్టనివాడు రాసింది కాదని మీకు ముందే తెలియాలి.

2014 సెప్టెంబరులో థర్టీ మీటర్ టెలిస్కోప్ ప్రాజెక్టులో మన దేశం భాగస్వామి కావడానికి కేంద్ర మంత్రివర్గం ₹1,299.80 కోట్లు మంజూరు చేసింది. పేపర్లో ఆ వార్త కత్తిరించి బడి నోటీసు బోర్డుకు అంటించాను. ముప్పై మీటర్ల అద్దం! ఒకే ముక్క కాదు, ఆరు మూలల అద్దాలు 492 పక్కపక్కన పేర్చి, అన్నీ కలిసి ఒకే అద్దంలా పనిచేసేలా చేయడం. మన వాటా సుమారు పదో వంతు. అందులో ఎక్కువ భాగం డబ్బు రూపంలో కాదు, పని రూపంలో. అద్దాల్ని వెనకనుంచి పట్టుకుని సూక్ష్మంగా కదిపే పరికరాలు, అంచుల దగ్గర తేడాను పసిగట్టే సెన్సార్లు, సాఫ్ట్‌వేర్, ఎనభైకి పైగా అద్దాల పాలిషింగు మన వంతు. అద్దాల పని బెంగళూరు పక్కన హోసకోటేలో. బోర్డు మీద సుద్దముక్కతో షడ్భుజాలు గీసి చూపిస్తుంటే పిల్లల కళ్లు మెరిశాయి. హవాయిలోనే ఎందుకు కడుతున్నారు సార్ అని ఒకరు అడిగారు. కొండ ఎత్తు 4,207 మీటర్లు, మేఘాలు దాని నడుము దగ్గరే ఆగిపోతాయి, పైన గాలి పొడిగా, నిలకడగా ఉంటుంది కాబట్టి చుక్కలు చెదరకుండా కనిపిస్తాయి అని చెప్పాను. అన్నీ నిజాలే.

ఆ కొండ ఎవరిది సార్ అని మాత్రం ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

రిటైరయ్యాక అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, నాన్నకు ఆ కొండ చూపించాలని పట్టుబట్టి హవాయి తీసుకెళ్లింది. హీలో ఊళ్లో వాన. అక్కడినుంచి సాడిల్ రోడ్డు ఎక్కితే ఇంకా వాన, ఆపైన మంచు పొగ. ఒక మలుపు దాటాక మబ్బు మొత్తం కిందికి జారిపోయి, ఎండలో నల్లటి లావా బీడు మొదలైంది. ఎడమ పక్క మౌనా లోవా, కుడి పక్క మౌనా కేయా. 2,800 మీటర్ల దగ్గరున్న సందర్శకుల కేంద్రం దాకా వెళ్లాం. అక్కడ బూట్లకు అంటిన మట్టీ గింజలూ దులుపుకోమంటారు. కింది ఊళ్ల చీమలూ కలుపు మొక్కలూ పైకి చేరకూడదని. నాలుగు మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. శిఖరం మీద గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే నలభై శాతం తక్కువ కాబట్టి ఇంకా పైకి వద్దంది అమ్మాయి. నేనూ పట్టుబట్టలేదు.

తిరుగుదారిలో, కొండ రోడ్డు హైవేలో కలిసేచోట పువు హులుహులు అనే చిన్న గుట్ట ఉంది. చుట్టూ లావా గడ్డకట్టి ఉంటే మధ్యలో ఆ గుట్ట ఒక్కటే పాత చెట్లతో పచ్చగా నిలబడింది. ఆ పరిసరాల్లో లావా రాళ్లు పేర్చి కట్టిన ఒక అరుగు లాంటిది చూశాను. హవాయి భాషలో దాన్ని ఆహు అంటారు. దాని మీద పొడవాటి టీ ఆకుల్లో పొట్లంలా చుట్టిన రాయి, వాడిపోయిన పూలదండ ఒకటి, ఇంకా వాడనిది ఒకటి. అంటే ఆ పొద్దున్నే ఎవరో వచ్చి వెళ్లారు. మా వైపు పొలం గట్ల మీద పసుపు రాసి నిలబెట్టిన రాళ్లు చూస్తూ పెరిగినవాణ్ని. అది ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెప్పులు విప్పి నిలబడ్డాను.

ఆ తర్వాతే ఆ కొండ గురించి కుదురుగా చదివాను. మీకు తెలియనివి కావేమో. కానీ మీ ప్రకటనల్లో ఇవెక్కడా నాకు కనపడలేదు కాబట్టి చెబుతాను.

హవాయి భాషలో మౌనా అంటే పర్వతం, కేయా అంటే తెలుపు. చలికాలంలో శిఖరం మీద మంచు పడుతుంది కాబట్టి ఆ పేరు అంటారు. మౌనా ఆ వాకేయా అనే పేరూ ఉంది. వాకేయా వాళ్ల ఆకాశ పిత, అంటే ఆ కొండ ఆయన బిడ్డ. ఆ ప్రజల వంశావళి కూడా ఆయన దగ్గరే మొదలవుతుంది కాబట్టి కొండ వాళ్లకు వరసకు పెద్దతోబుట్టువు అవుతుంది. మంచు దేవత పోలియాహు అక్కడే ఉంటుంది, పొగమంచు దేవత లిలినోయే ఆమె చెల్లెలు. సుమారు 3,970 మీటర్ల ఎత్తున వైయావు అనే చిన్న చెరువు ఉంది. పుట్టిన బిడ్డ బొడ్డుతాడును కొన్ని కుటుంబాలవాళ్లు అంతెత్తుకు మోసుకెళ్లి ఆ నీళ్లలో దాచేవాళ్లు. బొడ్డును వాళ్లు పీకో అంటారు. కొండ శిఖరాన్నీ అదే మాటతో పిలుస్తారు. ఎండిన బొడ్డుతాడును తాయెత్తులో పెట్టి పిల్లల మొలకు కట్టే మనకు ఇందులో విడమరిచి చెప్పాల్సింది ఏమీ లేదు.

శిఖరానికి కాస్త దిగువన, మంచుయుగంలో హిమానీనదం కింద లావా ఎగజిమ్మి ఒక్కసారిగా చల్లబడినచోట గట్టి నల్లరాయి ఏర్పడింది. పూర్వం హవాయి ప్రజలు ఆ చలిలో కూర్చుని దాంతో బాడిసలు చెక్కుకునేవారు. ఆ బాడిసలతోనే పడవలు తొలిచారు. చుక్కల్ని బట్టి వేల కిలోమీటర్ల సముద్రం దాటిన జాతి అది. 1976లో హోకూలేయా అనే జంట పడవ ఏ యంత్రపు సాయం లేకుండా, నక్షత్రాలూ అలలూ చూసుకుంటూ హవాయి నుంచి తహితి చేరి ఆ విద్యను మళ్లీ లోకానికి చూపించింది. అలాంటి ప్రజల్ని పట్టుకుని ఖగోళశాస్త్రానికి అడ్డుపడుతున్నారని రాసే పత్రికల్ని చూస్తే బాధేస్తుంది.

కొండ వాలు మీద మామనే చెట్ల అడవిలో పలీలా అనే పసుపుతల పిట్ట ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మామనే చెట్లను మేసేస్తున్న గొర్రెల్ని తొలగించాలని 1970ల్లో కోర్టుకెక్కిన కేసులో ఆ పిట్ట పేరే వాది స్థానంలో ఉంది. శిఖరం మీది బూడిద దిబ్బల్లో వేకియు అనే పురుగు ఉంటుంది. పైన తినడానికి ఏమీ దొరకదు కాబట్టి, కిందినుంచి గాలికి కొట్టుకొచ్చి చలికి చచ్చిపడే పురుగులే దాని ఆహారం. అది గడ్డకట్టకుండా దాని ఒంట్లోనే ఏర్పాటు ఉంది. గింజంత ప్రాణి అంతెత్తున ఎలా నెగ్గుకొస్తోందో తలుచుకుంటే, దాన్ని గురించి ఒక్క పాఠమైనా చెప్పకుండా రిటైరైనందుకు నాకు కొరతగా ఉంది.

ఇక మనుషుల సంగతి. 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటింది. దాన్ని చూడడానికి బ్రిటిష్ ఖగోళ బృందం హోనోలులు వెళ్తే, హవాయి రాజు కలాకౌవా స్వాగతించి సాయం చేశాడు. సరిగ్గా అదే శుక్ర సంక్రమణాన్ని మన విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు ఆరంగుళాల టెలిస్కోపుతో చూసి నమోదు చేశారు. ఒకే ఆకాశం, ఒకే ముహూర్తం. అక్కడ రాజును అడిగారు, రాజు సరేనన్నాడు.

1893 వచ్చేసరికి ఆ రాజ్యమే లేదు. అమెరికన్ వ్యాపారులు కొందరు, ఓడలో దిగిన అమెరికా సైనికుల అండతో రాణి లిలియువోకలానిని గద్దె దింపారు. 1898లో అమెరికా ద్వీపాల్ని కలిపేసుకుంది. రాజ్యానికి చెందిన భూములు చేతులు మారి చివరికి రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చాయి. మౌనా కేయా శిఖరం ఉన్నది ఆ భూముల్లోనే. నూరేళ్ల తర్వాత, 1993లో, అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది. భూమి మాత్రం తిరిగివ్వలేదు.

టెలిస్కోపుల కథ ఒక కష్టం నుంచే మొదలైంది. 1960 మేలో చిలీ భూకంపం వల్ల వచ్చిన సునామీలో హీలోలో 61 మంది చనిపోయారు, ఊరు కుదేలైంది. బతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడి వాణిజ్య మండలి విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు రాసింది, మా కొండ మీద టెలిస్కోపు పెట్టుకోండని. వాళ్లను తప్పుపట్టలేను. 1964లో శిఖరానికి రోడ్డు పడింది. 1968లో శిఖర ప్రాంతాన్ని హవాయి విశ్వవిద్యాలయానికి 65 ఏళ్ల లీజుకిచ్చారు. అద్దె ఏడాదికి ఒక డాలరు. గడువు 2033. ఒకటీ రెండూ అనుకున్న టెలిస్కోపులు పదమూడు అయ్యాయి. కొండ నిర్వహణ సరిగా లేదని 1998లో రాష్ట్ర ఆడిటరే రిపోర్టు ఇచ్చారు. ఆ టెలిస్కోపులు గొప్ప పనులు చేశాయి, కాదనను. మన పాలపుంత నడిబొడ్డున ఉన్న భారీ కృష్ణబిలాన్ని అక్కడి కెక్ టెలిస్కోపులతో ఏళ్లతరబడి గమనించినందుకు ఆండ్రియా గెజ్ అనే శాస్త్రవేత్తకు 2020లో నోబెల్ వచ్చింది. నేను పిల్లలకు ఎంత ఇష్టంగా చెప్పానో. కానీ ఆ 65 ఏళ్ల లీజు రాసేటప్పుడు, బొడ్డుతాళ్లు మోసుకెళ్లినవాళ్లను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు.

ఆ పదమూడింటి తర్వాత వచ్చిందే మనది. పద్దెనిమిది అంతస్తుల ఎత్తు. 2014 అక్టోబరులో శంకుస్థాపనను హవాయి మూలవాసులు అడ్డుకున్నారు. 2015 ఏప్రిల్లో 31 మందిని అరెస్టు చేశారు. అదే డిసెంబరులో హవాయి సుప్రీంకోర్టు అనుమతిని కొట్టేసింది. అభ్యంతరాలు వినకముందే అనుమతి ఇచ్చారన్నది కారణం. మళ్లీ విచారణ జరిపి, మళ్లీ అనుమతి ఇచ్చారు. 2018లో అదే కోర్టులో నలుగురు న్యాయమూర్తులు సరేనంటే ఒకరు కాదన్నారు. చట్టం ప్రకారం దారి దొరికిందని 2019 జూలైలో యంత్రాలు బయల్దేరాయి.

పువు హులుహులు దగ్గర రోడ్డుకు అడ్డంగా పెద్దవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కుపునా అంటారు వాళ్లను, అంటే తాతలూ అమ్మమ్మలూ. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. జూలై 17న పోలీసులు ముప్పై మందికి పైగా అరెస్టు చేశారు. నడవలేనివాళ్లను చక్రాల కుర్చీల్లో తీసుకెళ్లారు. ఒక్కరూ చెయ్యెత్తలేదు, తిట్టలేదు. కోపం రానివ్వకూడదు, పోలీసు ఎదుట నిలబడ్డా ఆలోహాతోనే, అంటే ప్రేమతోనే, నిలబడాలని వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. తమను ఆందోళనకారులు అనొద్దు, కియాయి అనండి అన్నారు. కాపలా కాసేవాళ్లని అర్థం. నెలల తరబడి ఆ చలిలో ఉన్నారు. యంత్రాలు పైకి పోలేదు.

అదే 2019 వేసవి నుంచి మా నల్లమలలో ఏం జరిగిందో అణుశక్తి విభాగం వారికి నేను గుర్తుచేయాల్సిన పనిలేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం అన్వేషణ చేయాలని అడిగింది మీరే. చెంచుల్ని అడిగారా? లేదు. ఏటా చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరలో వేలమంది ఆ లోయలోకి దిగుతారు. అక్కడ పూజ చేసేది చెంచులే. మా బడి పిల్లలు కూడా అట్టముక్కల మీద రాసుకుని రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. ఒకే ఏడాదిలో, ఒకే విభాగం, భూమికి ఆ చివర ఒక కొండ దగ్గర భాగస్వామి, ఈ చివర ఒక అడవి దగ్గర దరఖాస్తుదారు. రెండుచోట్లా అక్కడివాళ్లను చివర్లో అడిగారు. మా అడవికి మేం వద్దంటే న్యాయమనిపించింది నాకు. వాళ్ల కొండకు వాళ్లు వద్దంటే, అక్కడ నా పన్ను డబ్బులతో చేసే అద్దం ఉంది కాబట్టి న్యాయం మారిపోతుందా?

2020 జనవరిలో అప్పటి శాస్త్ర సాంకేతిక విభాగం కార్యదర్శి గారు, ప్రాజెక్టు వేరే చోటికి మారితే భారత్‌కు సంతోషమే అన్న అర్థంలో మాట్లాడారు. చదివి ఊపిరి పీల్చుకున్నాను. తీరా చూస్తే ఆయన చెప్పిన కారణం పని సాఫీగా సాగుతుందా లేదా అన్నది. ఆందోళనలుంటే ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేమన్నది. అది కాంట్రాక్టర్ బెంగ. రేపు ఆందోళన చల్లారితే, ఆ ముసలివాళ్లు ఒక్కొక్కరే పోయి రోడ్డు ఖాళీ అయితే, మన అభ్యంతరం కూడా పోయినట్టేనా? ఆలస్యం అవుతుంది కాబట్టి వద్దనడం వేరు, వాళ్ల సమ్మతి లేదు కాబట్టి వద్దనడం వేరు. ఈ రెండో మాట భారత ప్రభుత్వం నోట నేను ఇంతవరకు వినలేదు. మన భాషలో మౌనం అర్ధాంగీకారం అంటాం. మీ మౌనాన్ని ఆ కొండ దగ్గరివాళ్లు అలాగే లెక్కేసుకుంటే తప్పు వాళ్లది కాదు.

హవాయి మూలవాసులందరూ ఒకే మాట మీద లేరన్నది నిజం. టెలిస్కోపు కావాలనే వాళ్లూ ఉన్నారు, వాళ్ల పిల్లల చదువులూ ఉద్యోగాలూ వాళ్లకు ముఖ్యం. టీఎంటీ సంస్థ ఈసారి డాలరు కాదు, పెద్ద అద్దే ఇస్తానంది, ద్వీపంలో చదువులకు ఏటా పది లక్షల డాలర్లు ఇచ్చే నిధీ పెట్టింది. మంచిదే. కానీ ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటుంటే పిల్లలకు చాక్లెట్లు పంచి లోపలికి రావడం మర్యాద కాదు. వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. తేల్చుకునేదాకా మనం గుమ్మం బయట ఆగాలి.

తేల్చుకోవడానికి ఇప్పుడు వాళ్లకు ఒక చోటు కూడా ఏర్పడింది. 2022లో చేసిన చట్టంతో మౌనా కేయా బాధ్యత విశ్వవిద్యాలయం నుంచి కొత్త ప్రాధికార సంస్థకు మారుతోంది. అందులో మూలవాసులకు స్థానాలున్నాయి. 2028 జూలై నాటికి మార్పిడి పూర్తి కావాలి. 2024లో శిఖరం మీది కాల్‌టెక్ టెలిస్కోపును పూర్తిగా విప్పేసి, తవ్విన నేలను పూడ్చి పాత రూపానికి తెచ్చారు. పెట్టినదాన్ని తీయొచ్చని రుజువైంది. అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ 2026 బడ్జెట్ ప్రతిపాదనలో టీఎంటీని ముందుకు తీసుకెళ్లడం లేదని చెప్పింది. 2025 జూలైలో స్పెయిన్ ప్రభుత్వం, టీఎంటీ తమ లా పాల్మా ద్వీపానికి వస్తే 40 కోట్ల యూరోల దాకా ఇస్తామంది. లా పాల్మా ఎత్తు తక్కువ, గాలిలో తేమ ఎక్కువ, పరారుణ కాంతిలో చేసే పనికి కొంత నష్టమే. నాకు తెలుసు. అక్కడా పర్యావరణం కోసం కోర్టుకెళ్లినవాళ్లున్నారు, వాళ్ల మాటా వినాలి. ఒకప్పుడు ప్రత్యామ్నాయ స్థలాల జాబితాలో మన లడాఖ్‌లోని హాన్లే కూడా ఉంది. కొంచెం మసకగా కనపడే నక్షత్రమైనా నాకు ఫర్వాలేదు. నా పిల్లలకు తలెత్తుకుని చూపించగలిగితే చాలు.

కాబట్టి నేను అడిగేది ఇది. హవాయి మూలవాసుల సమ్మతి లేకుండా హోసకోటేలో తయారైన ఒక్క అద్దం కూడా మౌనా కేయా మీదికి పోదని, భాగస్వామ్య దేశంగా భారత్ రాతపూర్వకంగా చెప్పాలి. టీఎంటీ బోర్డుకు ఆ ఉత్తరం రాయండి, ప్రతిని మౌనా కేయా ప్రాధికార సంస్థకూ పంపండి. కారణం దగ్గర ఆలస్యమని రాయకండి, సమ్మతి అని రాయండి. వీలైతే మీలో ఎవరైనా ఒకరు హీలో వెళ్లి, ఏ ప్రెజెంటేషనూ పట్టుకుపోకుండా, ఆ పెద్దవాళ్ల ఎదురుగా ఒక పూట కూర్చుని వినండి. పాలిషింగు పని ఆపమని నేను అనడం లేదు. ఆ చేతి పనితనం ఏ కొండ మీదికైనా పనికొస్తుంది.

బడి పిల్లల కోసం మీరు వేసే పోస్టర్లలో కూడా ఒక చిన్న మార్పు అడుగుతాను. మౌనా కేయా బొమ్మ వేసినప్పుడు ఎత్తు, అద్దం వ్యాసంతో పాటు వైయావు చెరువు గురించి ఒక వాక్యం, 2019లో రోడ్డు మీద కూర్చున్నవాళ్ల గురించి ఒక వాక్యం వేయండి. మా పిల్లలు అర్థం చేసుకుంటారు. నల్లమల పిల్లలు కదా.

మీరు రాసే ఉత్తరం ప్రతి ఒకటి మా బడికి కూడా పంపండి. 2014లో అంటించిన పేపరు ముక్క పసుపుపచ్చబడిపోయినా ఇంకా ఆ బోర్డు మీదే ఉంది. దాని పక్కన కాస్త చోటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా